బాత్‌రూమ్, వంటింటి టైల్స్: ఏ వరుసలో వేయించాలి, ఎన్ని కొనాలి?

టైల్స్ షాపుకు వెళ్లిన కుటుంబం ఎక్కువ సమయం రంగు దగ్గరే గడుపుతుంది. అమ్మీకి లేత ఆకుపచ్చ నచ్చుతుంది, పిల్లలు గ్రే అంటారు, అబ్బా మాత్రం మాసిపోనిది ఏదైనా పర్లేదంటారు. బేరం కుదిరి బాక్సులు ఆటోలో ఇంటికి చేరాక, వాటిని ఏ వరుసలో వేయాలనే మాట మేస్త్రి అడిగితే తప్ప గుర్తుకు రాదు. చాలా ఇళ్లలో మేస్త్రి అడగడు కూడా. తనకు అలవాటైన మూల నుంచి మొదలుపెట్టి సాయంత్రానికి ఒక గోడ పూర్తి చేసేస్తాడు.

ఆ తర్వాత కనిపిస్తాయి తేడాలు. తలుపు తీయగానే ఎదురుగా రెండంగుళాల సన్న ముక్కలు నిలువునా కనిపిస్తాయి. జాలీ ఒకవైపు ఉంటే నీళ్లు ఇంకోవైపు నిలుస్తాయి. నున్నటి నేల మీద ముసలివాళ్లు గోడ పట్టుకుని నడవాల్సి వస్తుంది. రంగు నచ్చకపోయినా కొన్నాళ్లకు అలవాటైపోతుంది. కాలు జారే నేల ఎన్నాళ్లున్నా అలవాటు కాదు. అందుకే డబ్బు కట్టే ముందు టైల్ రకం, వరుస, లెక్క మూడూ తేల్చుకోవాలి.

గోడ టైల్ వేరు, నేల టైల్ వేరు

మన దేశంలో తయారయ్యే టైల్స్‌లో అధిక భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తుంది. మన ఊళ్ల షాపుల్లో కనిపించే బ్రాండ్లలో చాలావాటి సరుకు అక్కడిదే. షాపులో రకాలు వందల్లో ఉన్నా, కొనేవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది రెండు రకాల గురించే.

మొదటిది సిరామిక్ గోడ టైల్. ఇది తేలిగ్గా ఉంటుంది, వెనక భాగం నీళ్లు బాగా పీలుస్తుంది. దాని బరువులో పది శాతానికి మించి నీటిని పీల్చుకోగలదు. 12x18 అంగుళాలు, 12x24 అంగుళాలు ఎక్కువగా దొరికే సైజులు. దీన్ని నేల మీద వేయకూడదు. బకెట్ పడితే పగులుతుంది, తడిస్తే జారుతుంది.

రెండోది విట్రిఫైడ్ టైల్. ఇది గట్టిది, బరువైంది, నీళ్లు పీల్చేది అర శాతం లోపే. 2x2 అడుగులు, 2x4 అడుగులు ఇందులో మామూలు సైజులు. నీళ్లు పీల్చదు కాబట్టి వట్టి సిమెంటు పాలు దీనికి సరిగా అంటుకోవు. గోడకు ఎక్కించేటప్పుడు టైల్ అడెసివ్ తప్పనిసరి. సిరామిక్ టైల్‌ను సిమెంటుతో వేస్తే ముందు నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే సిమెంటులోని తడిని అదే లాగేసుకుని పట్టు తప్పుతుంది. టైల్స్‌కు ఐఎస్ 15622, అడెసివ్‌కు ఐఎస్ 15477 భారతీయ ప్రమాణాలు. బాక్సు మీద, సంచి మీద ఈ నంబర్లు ఉన్నాయో లేదో చూసుకోవచ్చు.

బాత్‌రూమ్ నేలకు మ్యాట్ ఫినిష్, గరుకుగా ఉన్న యాంటీ స్కిడ్ టైల్ తీసుకోవాలి. కొన్ని కంపెనీలు ఆర్9, ఆర్10, ఆర్11 అని ముద్రిస్తాయి. ఇది జర్మనీ పరీక్ష పద్ధతిలో జారుడును కొలిచే గుర్తు. ఆర్9 నుంచి ఆర్13 వరకు ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. ఇంటి బాత్‌రూమ్‌కు ఆర్10, ముసలివాళ్లు ఉంటే ఆర్11 మేలు. గుర్తు లేకపోతే షాపులోనే శాంపిల్ టైల్ మీద కాస్త సబ్బు నీళ్లు పోసి, చెప్పు విప్పి కాలు పెట్టి చూడండి. షాపువాడు నవ్వితే నవ్వనివ్వండి.

వరుసలు ఎన్ని రకాలు?

నేరు వరుస: టైల్ పక్కన టైల్, జాయింట్ కింద జాయింట్. అన్నిటికన్నా తేలిక, వేస్ట్ తక్కువ, కూలీ తక్కువ. కొన్న కొలతకు మీద 10 శాతం ఎక్కువ తీసుకుంటే సరిపోతుంది. ఒక్కటే ఇబ్బంది: గోడ వంకరగా ఉంటే నిలువు గీతల్లో ఆ వంకర వెంటనే బయటపడుతుంది.

ఇటుక వరుస: గోడకు ఇటుకలు కట్టినట్టు, పై వరుస టైల్ కింది రెండు టైల్స్ మధ్యకు వస్తుంది. 1904లో మొదలైన న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్లలో 3x6 అంగుళాల తెల్ల టైల్స్‌ను ఇలా వేశారు. ఇప్పుడు షాపుల్లో ‘సబ్‌వే టైల్’ అనేది ఆ పేరే. చిన్న టైల్స్‌కు ఇది బాగుంటుంది. పెద్ద టైల్స్‌తో మాత్రం జాగ్రత్త. పొడవాటి టైల్ కాల్చినప్పుడు మధ్యలో వెంట్రుకవాసి వంపు తిరుగుతుంది. సరిగ్గా సగానికి సగం జరిపితే ఒకదాని ఎత్తైన మధ్య భాగం పక్కన ఇంకోదాని పల్లపు చివర వస్తుంది, అంచు చేతికి తగులుతుంది. అందుకే 15 అంగుళాలకు మించిన టైల్‌ను మూడో వంతుకన్నా ఎక్కువ జరపవద్దని అమెరికా టైల్ పని ప్రమాణాలు చెబుతాయి. మన 12x18 టైల్‌కూ ఇదే వర్తిస్తుంది.

డైమండ్ వరుస: నేల టైల్స్‌ను మూలగా తిప్పి వేయడం. ఇరుకు గది కాస్త వెడల్పుగా అనిపిస్తుంది, గోడలు మూలమట్టానికి లేకపోయినా కంటికి ఆనదు. నాలుగు వైపులా త్రికోణం ముక్కలు కోయాలి కాబట్టి 15 శాతం ఎక్కువ కొనాలి.

హెరింగ్‌బోన్: పొడవాటి టైల్స్‌ను చేప ముల్లులా అటొకటి ఇటొకటి పేర్చడం. వంటింటి గట్టు వెనక చిన్న గోడకు అందంగా ఉంటుంది. 15 నుంచి 20 శాతం ఎక్కువ కావాలి, పని నెమ్మదిగా సాగుతుంది. మొదటి రెండు వరుసలు గీత తప్పితే చివరికి వంకర బెత్తెడు అవుతుంది. ఇంతకుముందు ఈ పని చేసిన మేస్త్రి అయితేనే ఒప్పుకోండి.

చదరంగం గళ్లు: రెండు రంగుల చదరపు టైల్స్ మార్చి మార్చి వేయడం. తెలుపు నలుపు పాత పద్ధతి. మరీ చిన్న బాత్‌రూమ్‌లో కళ్లు చెదురుతాయి, లేత రంగు రెండు షేడ్‌లైతే నిదానంగా ఉంటుంది.

ఆరు మూలల టైల్: హెక్సాగన్ అని అడిగితే చూపిస్తారు. హైదరాబాద్ వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద కుతుబ్ షాహీల కాలపు ఆరు మూలల నమూనాల రంగు టైల్స్ నేటికీ చూడొచ్చు. 1908 మూసీ వరదకు గోడల కింది భాగంలోని టైల్స్ దెబ్బతిన్నాయి, నీళ్లు చేరని పైభాగం నిలిచింది. ఎంత గొప్ప పనికైనా తడే మొదటి శత్రువు. ఇంట్లో ఈ రకం వేయిస్తే అంచుల దగ్గర కోతలు ఎక్కువ, జాయింట్లు ఎక్కువ. ఒక గోడకో, వాష్‌బేసిన్ వెనకో పరిమితం చేసుకుంటే ఖర్చు చేతిలో ఉంటుంది.

నమూనా టైల్స్: ‘మొరాకన్’ పేరుతో అమ్మేవి చాలావరకు సిరామిక్ మీద ప్రింట్ చేసినవి. మొరాకోలోని ఫెజ్ నగరంలో చేసే అసలు జెలీజ్ పనిలో రంగు టైల్‌ను చేత్తో చిన్న ముక్కలుగా చెక్కి పేరుస్తారు. ప్రింట్ టైల్‌తో చూసుకోవాల్సింది ఒకటుంది. కొన్నిటిలో నాలుగు టైల్స్ కలిస్తేనే ఒక పువ్వు పూర్తవుతుంది. ఒక్కటి తిరగబడినా నమూనా చెడిపోతుంది. వెనక బాణం గుర్తు ఉంటే అన్నీ ఒకే దిక్కుకు ఉండాలని మేస్త్రికి చెప్పాలి. ముందు నేల మీద పొడిగా పరిచి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోవడం మంచిది.

5x7 బాత్‌రూమ్: ఒక లెక్క

మన ఇళ్లలో మామూలుగా కనిపించే 5x7 అడుగుల బాత్‌రూమ్ తీసుకుందాం. 7 అడుగుల ఎత్తు వరకు టైల్స్. నాలుగు గోడల పొడవు 24 అడుగులు, 7తో గుణిస్తే 168 చదరపు అడుగులు. రెండున్నర అడుగుల తలుపు 17.5 తీసేస్తే 150.5 మిగులుతుంది. 10 శాతం వేస్ట్ కలిపితే సుమారు 165.5.

12x18 టైల్ అసలు కొలత 300x450 మిల్లీమీటర్లు. అడుగుకు కొంచెం తక్కువే. ఆరు టైల్స్ ఉన్న బాక్సుకు 8.72 చదరపు అడుగులు వస్తుంది, 9 కాదు. ఈ లెక్కన 19 బాక్సులు, అంటే 114 టైల్స్. బాక్సులో ఎన్ని ఉన్నాయో కంపెనీని బట్టి మారుతుంది, అట్ట మీద చూసుకోవాలి.

ఇప్పుడు ఐదడుగుల గోడ చూద్దాం. టైల్‌ను అడ్డంగా, అంటే 18 అంగుళాల వైపు పొడవుగా వేస్తే ఒక వరుసలో మూడు నిండు టైల్స్ పడి ఏడు అంగుళాల చోటు మిగులుతుంది. మూల నుంచి మొదలుపెడితే ఆ ముక్క అంతా ఒకే వైపు వస్తుంది. మధ్య టైల్‌ను గోడ నడుమ పెడితే రెండు వైపులా మూడంగుళాల సన్న ముక్కలు వస్తాయి, ఇది ఇంకా అధ్వాన్నం. అదే ఒక జాయింట్‌ను సరిగ్గా గోడ నడుమకు తెస్తే మధ్యలో రెండు నిండు టైల్స్, రెండు చివర్లా అడుగు చొప్పున ముక్కలు వస్తాయి. గోడ కొలిచి పేర్చినట్టు కనిపిస్తుంది. దీనికి వరుసకు అర టైల్ ఎక్కువ పడుతుంది, ఏడు వరుసలకు మూడున్నర టైల్స్. అంత తేడాకు ఎప్పటికీ కళ్లకు కనిపించే గోడ బాగుపడుతుంది.

ఈ పద్ధతిలో తలుపు గోడతో కలిపి గది మొత్తానికి దాదాపు 112 టైల్స్ అవుతాయి. 19 బాక్సుల్లో మిగిలేది రెండే. ఒకటి రెండు పగిలినా పని ఆగుతుంది కాబట్టి 20 బాక్సులు తెచ్చుకోవడం క్షేమం. ఎత్తు విషయంలో అదృష్టం కలిసొచ్చింది. 12 అంగుళాల వరుసలు ఏడు వేస్తే జాయింట్లతో సహా దాదాపు 7 అడుగులకు చేరుతుంది, అడ్డ కోతే అక్కర్లేదు. టైల్ సైజు ఎంచుకునేటప్పుడు గోడ ఎత్తుతో ఇలా భాగించి చూసుకోవాలి.

నేల 35 చదరపు అడుగులు. 1x1 అడుగు టైల్ నేరుగా వేస్తే 40 ముక్కలు, డైమండ్‌గా వేస్తే 42. తేడా రెండే టైల్స్. చిన్న నేల మీద డైమండ్ వరుసను వేస్ట్ భయంతో మానుకోవక్కర్లేదు, కూలీ ఎంత అడుగుతాడో తెలుసుకుంటే చాలు.

వాలు కుదరకపోతే అందం వృథా

బాత్‌రూమ్ నేల జాలీ వైపు అడుగుకు ఎనిమిదో వంతు నుంచి పావు అంగుళం వరకు దిగాలి. ఏడు అడుగుల గదిలో ఒక చివర నుంచి ఇంకో చివరకు సుమారు ఒక అంగుళం నుంచి అంగుళంముప్పావు. టైల్ పెద్దదైతే ఇక్కడే చిక్కు వస్తుంది. 2x2 టైల్ వంగదు. రెండు వైపుల నుంచి నీళ్లు జాలీకి రావాలంటే దాన్ని కవరు మడతలా మూలగా కోయాలి. 1x1 అడుగు లేదా అంతకన్నా చిన్న టైల్ అయితే వాలుకు తగ్గట్టు కూర్చుంటుంది. జాయింట్లు ఎక్కువ ఉండడం వల్ల కాలికి పట్టు కూడా దొరుకుతుంది. గోడకు పెద్ద టైల్, నేలకు చిన్న టైల్ అనేది అందుకే పాతబడని పద్ధతి.

టైల్స్, గ్రౌట్ నీటిని పూర్తిగా ఆపుతాయని అనుకోకండి. నీటిని ఆపేది కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ పూత. అది వేశాక జాలీ మూసి 24 నుంచి 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది అంతస్తు పైకప్పు చూడాలి. అపార్ట్‌మెంట్లలో పై ఇంటికీ కింది ఇంటికీ మాటలు ఆగిపోవడానికి ఈ రెండు రోజుల తొందరే చాలాసార్లు కారణం. చెమ్మ లేదని తేలాకే టైల్ పని మొదలు కావాలి.

వజూ చోటు, కమోడ్ దిక్కు

కూర్చుని వజూ చేసేందుకు చిన్న తిన్నె కట్టించుకునే కుటుంబాలు ఆ సంగతి ముందే మేస్త్రికి చెప్పాలి. రోజుకు ఐదుసార్లు తడిసే చోటు అది. తిన్నె పైభాగానికి, పాదాలు కడిగే చోటుకు గరుకు టైల్ వేయాలి, గోడకు మిగిలిన నున్నటి టైల్ ఇక్కడ వాడకూడదు. తిన్నె అంచు దగ్గర కోసిన టైల్ కత్తిలా ఉంటుంది. దాన్ని గుండ్రంగా పాలిష్ పట్టించాలి, లేదా గ్రానైట్ పలక పెట్టి అంచు మోల్డింగ్ చేయించాలి. తిన్నె దగ్గర నీళ్లు గది దాటి జాలీకి పోకుండా, అక్కడే ఒక జాలీ పెడితే మిగతా నేల పొడిగా ఉంటుంది. పెద్దవాళ్లు లేచేటప్పుడు పట్టుకోవడానికి స్టీలు హ్యాండిల్ పెట్టాలనుకుంటే, దాని చోటు టైల్స్ వేయకముందే గుర్తు పెట్టాలి. తర్వాత డ్రిల్ చేస్తే టైల్ పగలవచ్చు, లోపలి పైపు తెగవచ్చు.

కమోడ్‌పై కూర్చున్నప్పుడు ముఖం గానీ వీపు గానీ ఖిబ్లా వైపు ఉండకూడదని పాటించే ఇళ్లలో, ఆ నిర్ణయం టైల్స్ దశలో తీసుకుంటే ఆలస్యమైనట్టే. పైపు లైన్ వేసేటప్పుడే తేల్చుకోవాలి. హైదరాబాద్ నుంచి ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. కాబట్టి సీటు ఉత్తర దక్షిణాలుగా ఉంటే ఇబ్బంది రాదు. సీటు చోటు ఖరారైతే, దాని వెనక గోడకు టైల్ జాయింట్ సీటు నడుమకు వచ్చేలా వరుస మొదలుపెట్టొచ్చు.

వంటింట్లో ఏం చూడాలి?

గట్టుకూ పై అల్మారాకూ మధ్య గోడను డాడో అంటారు. ఎత్తు మామూలుగా రెండడుగులు. పొయ్యి వెనక మాత్రం చిమ్నీ వరకు వేయించుకుంటే తాలింపు చిటపటలు, నూనె ఆవిరి గోడకు పట్టవు. ఇక్కడ నున్నటి టైలే మంచిది, ఒక్క తుడుపుతో పోతుంది. గరుకు నమూనాలు, లోతైన గీతలు ఉన్నవి పసుపు, కారం, నెయ్యి పట్టేసుకుంటాయి. దావత్‌లకు ఇంట్లోనే దేగ్ ఎక్కించేవాళ్లకు, బక్రీద్‌కు మాంసం కడిగి సర్దేవాళ్లకు సింకు చుట్టూ జాయింట్లు తక్కువ ఉంటే శుభ్రం చేయడం తేలిక.

నేలకు నూనె పడుతుంది కాబట్టి మ్యాట్ విట్రిఫైడ్ మేలు. పాత ఇళ్లలో షాబాద్, తాండూరు బండలు బాగుంటే తీసేయాల్సిన పని లేదు. పాలిష్ పట్టించి, డాడో ఒక్కటే మార్చినా వంటిల్లు కొత్తగా కనిపిస్తుంది.

స్విచ్ బోర్డుల చోటు ముందే చూసుకోవాలి. నమూనా టైల్ సరిగ్గా మధ్యలో బోర్డు వస్తే పువ్వు సగమే మిగులుతుంది. నమూనాను పొయ్యి వెనక ఒక్క చోటే వేసి, మిగతాది సాదాగా ఉంచితే ఈ బాధ ఉండదు, ఖర్చూ తగ్గుతుంది.

జాయింట్ల సంగతి

టైల్స్ మధ్య సందు లేకుండా వేయమని చాలామంది అడుగుతారు. అది పొరపాటు. టైల్ సైజులో చిన్న తేడాలుంటాయి, ఎండకూ తడికీ గోడ కదులుతుంది. కనీసం 2 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టాలి. వట్టి తెల్ల సిమెంటు పూస్తే కొన్నాళ్లకు పసుపు రంగుకు తిరిగి రాలుతుంది. సింకు, పొయ్యి, స్నానం దగ్గర ఎపాక్సీ గ్రౌట్ ఖరీదైనా మరక పట్టదు. అది త్వరగా గట్టిపడుతుంది, కాబట్టి పూసిన వెంటనే టైల్ మీద మిగిలింది తుడిచేయాలి. గ్రౌట్ రంగు టైల్ రంగుకు దగ్గరగా ఉంటే చిన్న వంకరలు కనిపించవు. ముదురు గ్రౌట్‌తో నమూనా ఎత్తి చూపిస్తుంది, మేస్త్రి తప్పులనూ ఎత్తి చూపిస్తుంది.

నమూనా వల్ల ఖర్చు ఎంత పెరుగుతుంది?

ఎల్ ఆకారంలో 16 అడుగుల గట్టు, రెండడుగుల డాడో, అంటే 32 చదరపు అడుగులు అనుకుందాం. టైల్ రేటు 60 రూపాయలు అనుకుంటే, నేరు వరుసకు 10 శాతంతో 35.2 చదరపు అడుగులు, 2,112 రూపాయలు. హెరింగ్‌బోన్‌కు 20 శాతంతో 38.4, అంటే 2,304. టైల్ మీద తేడా 192 రూపాయలే. కూలీ నేరు వరుసకు అడుగుకు 25, హెరింగ్‌బోన్‌కు 45 అని వేసుకుంటే 800కు బదులు 1,440 అవుతుంది. అక్కడ తేడా 640. ఈ రేట్లు లెక్క అర్థం కావడానికే, మీ ఊరి రేటు పెట్టి చూసుకోండి. ఎక్కడైనా వచ్చే జవాబు ఒకటే: చిన్న చోట నమూనా భారం టైల్‌లో కన్నా కూలీలో ఎక్కువ. అందుకే మేస్త్రితో మాట్లాడేటప్పుడు ‘అడుగుకు ఎంత’ అని ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఏ వరుస, అంచు కోతలకు వేరుగా తీసుకుంటాడా, గ్రౌట్ ఎవరు పూస్తారు, చెత్త ఎవరు మోస్తారు అన్నీ కాగితం మీద రాసుకోవాలి.

షాపులో రేటు జీఎస్టీ కలిపిందా, విడిగానా అడగాలి. పగలని నిండు బాక్సులు వెనక్కి తీసుకుంటారా అన్నది బిల్లు మీదే రాయించుకోవాలి.

పని మొదలయ్యే ముందు

అన్ని బాక్సుల మీద బ్యాచ్ నంబరు, షేడ్ ఒకటేనా చూడాలి. పేరు ఒకటే అయినా బ్యాచ్ మారితే రంగు తేడా వస్తుంది. అతికించాక షాపువాడు ఒప్పుకోడు.

ఒక వరుసను నేల మీద పొడిగా పరిపించి, సన్న ముక్క ఎక్కడ వస్తుందో చూడాలి. అది తలుపు వెనకకో, కమోడ్ పక్కకో పోవాలి.

మొదటి వరుసను లెవల్‌తో, దారంతో సరిచూడాలి. ఒక రోజు పనయ్యాక జాలీకి దూరంగా ఒక మగ్గు నీళ్లు పోసి అవి ఎటు పోతున్నాయో చూడాలి. సిమెంటు పచ్చిగా ఉండగా చెబితే సరిచేస్తాడు.

మర్నాడు ప్రతి టైల్‌ను నాణెంతో తట్టాలి. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు నిండలేదని అర్థం. అలాంటి వాటిని గ్రౌట్ పూయకముందే తీసి వేయించాలి. పూర్తి కూలీ ఈ తట్టడం అయ్యాకే ఇవ్వాలి.

చివరగా, మిగిలిన టైల్స్‌లో ఒక బాక్సు అటక మీద దాచి, అట్ట మీది పేరు, బ్యాచ్ నంబరు ఫోటో తీసి బిల్లుతో పాటు పెట్టుకోండి. ఐదేళ్ల తర్వాత పైపు లీకై రెండు టైల్స్ పగలగొట్టాల్సి వస్తే, ఆ డిజైన్ అప్పటికి షాపులో దొరకదు.